తోబుట్టువుల ప్రశ్న

చనిపోయిన ఆడమనిషిని పిలిచి నువ్వెలా పోయావమ్మా అని అడగడం ఎవరి వల్లా కాదు. ఇల్లిల్లూ తిరిగి దేశమంతా ఆడవాళ్ళ ఆరోగ్యం మీద సర్వే చేసే సంస్థకు ఇదో పెద్ద తలనొప్పి. కాన్పుల్లో ఎంతమంది పోతున్నారో తెలియాలి, పోయినవాళ్ళేమో వచ్చి తలుపు తీయరు. మొగుడు ఇంకో పెళ్ళి చేసుకుని ఊరు మారిపోయి ఉంటాడు. అందుకని ఆ పనిలో ఉన్నవాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. బతికున్న ఆడవాళ్ళనే అడుగుతారు: మీ అమ్మకు ఎంతమంది పుట్టారు, మీ అక్కచెల్లెళ్ళలో ఎవరైనా పోయారా, పోతే కడుపుతో ఉండగానా, కాన్పులోనా, కాన్పయిన రెండు నెలల లోపా. వేలమంది చెప్పినవి కూడితే మొత్తానికి ఒక లెక్క తేలుతుంది. తోబుట్టువుల ప్రశ్న అంటారు దాన్ని.

ఆ ప్రశ్నకు కావలి కాసే మనిషి లెక్కలమ్మ. అసలు పేరు ఒకటి ఏడ్చింది గానీ సంతకం పెట్టేటప్పుడు తప్ప ఆవిడకే గుర్తు రాదు. నలభై దాటింది, పెళ్ళి జోలికి పోలేదు, ముక్కుసూటి మనిషి. నోరు కాస్త దురుసు కూడా, దాచడమెందుకు. ఎక్కడో ఒక జిల్లాలో సర్వే చేసినవాళ్ళు చెట్టు కింద కూర్చుని సొంతంగా జవాబులు రాసుకొచ్చారని అనుమానం తగిలితే చాలు, ఆ జిల్లా మొత్తం మళ్ళీ తిరిగి రమ్మని పంపించేది. వాళ్ళు తిట్టుకునేవాళ్ళు. తిట్టుకోనీ, తప్పుడు లెక్క కంటే తిట్లు నయం అనేది.

సర్వే అమ్మాయిలకు ఇచ్చే పుస్తకంలో ఒక వాక్యం ఉంది. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్ళనే రాయాలి, తండ్రికి వేరే భార్య వల్ల పుట్టినవాళ్ళను రాయకూడదు అని. ఆ వాక్యం లెక్కలమ్మ పోట్లాడి పెట్టించుకున్నది. పెద్ద డాక్టరు గారొకాయన ఆ రోజు మీటింగులో, ఇళ్ళల్లో మనుషులు అలా గీతలు గీసుకుని బతకరు కదమ్మా అని మెల్లగా అన్నాడు. ఈ ఇంట్లో ఒకరు, ఆ ఇంట్లో ఒకరు చెబితే ఒకే చావు నాలుగుసార్లు పడుతుంది, దేశం మీద లేని చావులు వేస్తామా అని లెక్కలమ్మ గయ్యిమంది. ఆవిడ గెలిచింది, ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి పిట్టకు చెప్పి మురిసిపోయింది కూడా. అప్పటికి పిట్ట బతికే ఉంది.

పిట్ట ఎవరంటారా, చెబుతాను. లెక్కలమ్మను కన్నతల్లి ఒక్క కాన్పుతోనే ఆపేసి, జ్వరం తగిలి, పిల్లకు ఊహ తెలియకముందే పోయింది. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. వచ్చినావిడను పిన్ని అని పిలవమన్నారు. పిన్నికి ఒక్కతే కూతురు, అదే పిట్ట. తిండి చూస్తే రెండు ముద్దలు, కబుర్లు చూస్తే ఊరంత, అందుకని ఆ పేరు పడింది. అక్క లెక్కలు చేసుకుంటుంటే పక్కన చేరి, సున్నాలన్నిటికీ కళ్ళూ మీసాలూ పెట్టేది. లెక్కలమ్మ అనే పేరు కూడా అది పెట్టిందే. ఆఫీసుకు ఫోన్ చేసి, మా లెక్కలమ్మ ఉందాండీ అని అడిగితే, ఎత్తినవాళ్ళు పడీపడీ నవ్వి ఆ పేరు అందుకున్నారు. రోజుకు పదిమంది పిలిచే ఆ పేరు ఎవరి నోటిదో ఇప్పుడు ఆఫీసులో ఒక్కరికీ తెలియదు.

రెండేళ్ళ కిందట పిట్ట పోయింది. కాన్పు కష్టమైంది, బిడ్డ దక్కలేదు. తల్లి బాగానే ఉందని ఇంటికి పంపారు. కొన్ని వారాలకు జ్వరం పట్టుకుంది, రక్తం పోవడం మొదలైంది. అదే తగ్గుతుందిలే అని మొగుడు చూస్తూ కూర్చున్నాడు. పిన్ని కబురు తెలిసి పరుగున వెళ్ళి ఆస్పత్రిలో వేసేసరికి చేయి దాటిపోయింది. లెక్కలమ్మ వెళ్ళేసరికి ముఖం మీద గుడ్డ కప్పేశారు. ఏళ్ళ తరబడి ఇలాంటి చావులనే లెక్కపెడుతున్న మనిషికి తన ఇంట్లో చావు అర్థం కాలేదు. ఇప్పటికీ అర్థం కాలేదు.

తండ్రి అంతకు ముందే పోయాడు కాబట్టి పిన్ని వచ్చి లెక్కలమ్మ దగ్గరే ఉంది. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ఇద్దరాడవాళ్ళు, మాట్లాడుకోవలసినది ఒకే ఒక్కటి, అది మాత్రం మాట్లాడుకోరు. పంపులో నీళ్ళు వస్తున్నాయా, తాళం చెవి ఎక్కడ పెట్టావు, కరెంటు మనిషి వచ్చాడా, ఇవే కబుర్లు. పిన్ని వంటింట్లో పంపు తిప్పి ఏడ్చేది. రెండు పళ్ళేలు కడగడానికి అంతసేపు పట్టదని లెక్కలమ్మకు తెలుసు. తెలిసీ లేచి వెళ్ళేది కాదు. వెళ్ళి ఏం చెయ్యాలో ఆవిడకు ఎవరూ నేర్పలేదు, తనకు తోచనూ లేదు. గుమ్మం మూల పిట్ట గొడుగు ఒకటి ఉండేది, ఒక పుల్ల విరిగింది. ఎంత వాన కురిసినా ఇద్దరిలో ఎవరూ దాన్ని ముట్టుకునేవారు కాదు. ఒకే ఇంట్లో ఇద్దరు మనుషులు చెరో ఒంటరితనం పెట్టుకుని బతకడం ఎంత కష్టమో పగవాళ్ళకు కూడా తెలియకూడదు.

ఇలా ఉండగా ఆ ఏటి సర్వే మొదలైంది. ఏ వీధి, ఏ ఇల్లు అన్నది కంప్యూటరు చీట్లు తీసినట్టు తీస్తుంది, దానికి మొహమాటం లేదు. ఒక ఆదివారం పొద్దున తలుపు కొట్టిన చప్పుడైంది. తీస్తే మెడలో గుర్తింపు బిళ్ళ, చేతిలో ట్యాబుతో ఒక అమ్మాయి. సంస్థ తరఫున బయట ఏజెన్సీ పెట్టుకున్న మనిషి, లెక్కలమ్మ ఎవరో ఆ పిల్లకు తెలియదు. లెక్కలమ్మ కూడా చెప్పలేదు. చెబితే ఆ పిల్ల కాళ్ళూ చేతులూ ఆడక తప్పులు చేస్తుందని ఊరుకుంది.

సర్వే అనగానే పిన్ని లోపలికెళ్ళి తల దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చుంది. అమ్మాయి ఇంట్లో ఉన్నవాళ్ళ వయసులు రాసుకుంది. యాభై లోపు ఆడవాళ్ళనే అడుగుతాం పెద్దమ్మా, మేడం ఒక్కరితోనే మాట్లాడాలి, మీరు ఏమీ అనుకోకుండా లోపల కూర్చుంటారా అంది. ఎంత మర్యాదగా చెప్పాలో అంత మర్యాదగానే చెప్పింది పాపం. పిన్ని అలాగేనమ్మా అని లేచి లోపలి గదిలోకి వెళ్ళింది. ఆ గది తలుపు ఎప్పుడూ సరిగ్గా పడదు.

అమ్మాయి ప్రశ్నలు చక్కగా అడుగుతోంది. లెక్కలమ్మ జవాబులు చెబుతూనే మనసులో ఆ పిల్లకు మార్కులు వేస్తోంది. ఇంతలో ఆ పేజీ వచ్చింది.

"మీ అమ్మగారి కడుపున మొత్తం ఎంతమంది పుట్టారు మేడం? మీతో కలిపి చెప్పండి. పోయినవాళ్ళని కూడా చెప్పాలి."

ఈ ప్రశ్న తన ఇంటికే వచ్చి తననే నిలదీస్తుందని లెక్కలమ్మ ఎన్నడూ అనుకోలేదు. ఇద్దరం అంటే చాలు. ఆ తర్వాతి ప్రశ్నలకు ఒక్కొక్కదానికీ జవాబు తన దగ్గర ఉంది. పిట్ట లెక్కకెక్కుతుంది. తను చెప్పకపోతే దానికి ఇంకెవరూ లేరు. పిన్నికి ఇంకో బిడ్డ లేదు, పిన్నిని అడిగేవాళ్ళు లేరు. దేశంలో ఎక్కడ ఏ తలుపు కొట్టినా పిట్ట పేరు చెప్పగలిగిన మనిషి తను ఒక్కతే. కానీ పుస్తకంలో ఆ వాక్యం పెట్టిందీ తనే.

"నేనొక్కదాన్నే," అంది.

అమ్మాయి తలెత్తి చూసింది. బాధ వల్ల కొంతమంది పోయినవాళ్ళ సంగతి దాస్తారు, రెండోసారి మెత్తగా అడగండి అని శిక్షణలో చెప్పారు మరి. ఆ మాటలు శిక్షణ పాఠంలో రాసింది కూడా మన లెక్కలమ్మే. "చిన్నప్పుడు పోయినవాళ్ళు గానీ, పెద్దయ్యాక పోయినవాళ్ళు గానీ... ఎవరూ లేరా మేడం?"

"లేరు. ఎవరూ లేరు."

పేజీ అక్కడితో అయిపోయింది. అమ్మాయి వెళ్ళేసరికి చినుకులు మొదలయ్యాయి. మెట్ల దగ్గర కుక్క ఉంటుంది, కింద దాకా దింపి వస్తానని పిన్ని వెంట వెళ్ళింది. కిటికీలోంచి చూస్తే గేటు దగ్గర ఇద్దరూ నిలబడి చాలాసేపు మాట్లాడుకుంటున్నారు. పిన్ని చేతిలో ఉన్నది పిట్ట గొడుగు. తొందరలో చేతికి అందింది తీసుకుని ఉంటుందిలే అని లెక్కలమ్మ సర్దిచెప్పుకుంది. తెలివైనవాళ్ళు తమను తాము మోసం చేసుకున్నంత బాగా ఇంకెవరూ చేసుకోలేరు.

ఆ రోజు నుంచి పిన్ని ముభావంగా ఉంది. టీ తెచ్చి పెట్టేది, కప్పు కాస్త గట్టిగా చప్పుడయ్యేది. కొన్నాళ్ళకు, మెట్లు ఎక్కలేకపోతున్నాను, మా తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోతాను అంది. కింది అంతస్తులో ఇల్లు చూద్దాం అంటే వద్దంది. డాక్టరుకు చూపిద్దాం అంటే మోకాళ్ళు బాగానే ఉన్నాయంది. మోకాళ్ళు బాగుంటే మెట్లతో ఏం ఇబ్బంది అని అడగాలనిపించినా లెక్కలమ్మ అడగలేదు. విని ఉంటుందా అనే భయం పట్టుకుంది. వినలేదని అనుకోవడానికి ఆ గది తలుపు ఒప్పుకోవడం లేదు. ప్రయాణం శనివారానికి కుదిరింది. పెట్టె సర్ది గుమ్మం దగ్గర పెట్టింది పిన్ని, గొడుగు పక్కనే.

ఆ వారంలోనే ఆఫీసుకు సర్వే వివరాలు వచ్చాయి. ఇంటివాళ్ళతో మాట్లాడటం ముగిశాక ఎక్కడైనా జవాబు మారిస్తే కంప్యూటరు ఆ వరుసను ఎర్రగా చూపిస్తుంది. అలాంటివన్నీ లెక్కలమ్మ బల్ల మీదికే వస్తాయి. గురువారం మధ్యాహ్నం ఒకటి తెరిచింది. తోబుట్టువుల పేజీలో ఒకటి కొట్టేసి రెండు వేశారు. చెల్లెలు. బతికి లేదు. కాన్పయిన రెండు నెలల లోపు. కింద సర్వే చేసిన పిల్ల రాసిన మాట: మొదట చెప్పలేదు, దుఃఖం వల్ల కావచ్చు, ఇంట్లో తల్లి చెప్పింది.

వీధి నంబరు చూసింది. ఇంటి నంబరు చూసింది. అది తన ఇల్లే.

పక్క బల్ల ఆయన మంచివాడు, పని త్వరగా తెముల్చుకుని ఇంటికి పోదామనుకునే రకం. తొంగి చూసి ఇందులో ఏముందని అడిగాడు. ఈ చెల్లెలు సవతి తల్లి కూతురని తెలిసింది అని మాత్రం చెప్పింది లెక్కలమ్మ. ఎలా తెలిసిందో చెప్పలేదు. ఆయన భుజాలెగరేసి, ఎవరికి పుడితే ఏమిటండీ, పిల్ల పోయిన మాట నిజమే కదా, దేశంలో ఇన్ని వేల వరుసల్లో ఇదొకటి ఉంటే కొంపలేం మునగవు, ఉంచేయండి అన్నాడు.

నిజమే, కొంపలేం మునగవు. ఉంచితే ఎవరికీ తెలియదు. పిట్ట ఆ వరుసలో ఉండిపోతుంది, దేశం లెక్కలో ఒక చుక్కగానైనా ఉంటుంది. లెక్కలమ్మ ఆ వరుసను అలా చూస్తూ కూర్చుంది. సున్నాలకు మీసాలు పెట్టే పిల్ల కదా, ఇది చూస్తే ఎంత నవ్వేదో అనుకుంది. అంతలోనే ఇంకో సంగతి తట్టింది. తను పెట్టిన వాక్యం వల్ల ఎన్ని ఇళ్ళల్లో ఎందరు అక్కలు నోరు నొక్కుకుని ఒక్కదాన్నే అని చెప్పి ఉంటారు? వాళ్ళ చెల్లెళ్ళందరినీ బయట నిలబెట్టి, తన పిట్టను మాత్రం దొడ్డిదారిన లోపలికి తెచ్చుకుంటుందా? అలా చేస్తే ఇన్నేళ్ళు జిల్లాలకు జిల్లాలు వెనక్కి పంపిన మనిషి ఎవరు?

తీసేసింది. నిజంగా మార్చాలా అని కంప్యూటరు అడిగింది. అవునని నొక్కింది. రెండు పోయి మళ్ళీ ఒకటి వచ్చింది. తర్వాత వెళ్ళి ముఖం కడుక్కునే చోట పంపు తిప్పి, పిన్ని ఏడ్చేటంతసేపు ఏడ్చింది.

ఇంటికి వెళ్ళేసరికి పిన్ని వంటింట్లో ఉంది. లెక్కలమ్మ చెప్పులు కూడా విప్పకుండా వెళ్ళి గట్టు పక్కన నిలబడింది. ఆ అమ్మాయికి నువ్వే చెప్పావా అని అడిగింది.

"నేనే చెప్పాను," అంది పిన్ని, ఇటు తిరగకుండానే. "కన్నది నేను, పోగొట్టుకున్నది నేను. నన్ను లోపల కూర్చోమన్నారు. సరే, వయసైపోయిందన్నారు, కూర్చున్నా. నిన్ను అడుగుతారు కదా, నువ్వు చెబుతావు కదా అనుకున్నా. నువ్వు లేదన్నావు. ఒకసారి కాదు, రెండుసార్లు."

"అలా చెప్పకూడదు పిన్నీ. ఒకే తల్లికి పుట్టినవాళ్ళనే చెప్పాలి. అది రూలు."

"ఎవరు పెట్టారే ఆ రూలు?"



"నేనే," అంది లెక్కలమ్మ. "ఇవాళ తీసేసింది కూడా నేనే. నువ్వు రాయించింది తీసేశాను. మన పిట్ట ఎక్కడా లేదిప్పుడు."

పిన్ని పొయ్యి ఆపేసింది. తిడుతుందనుకుంది లెక్కలమ్మ, తిడితే బాగుండుననుకుంది. పిన్ని చేతులు తుడుచుకుని, పక్కనుంచి దాటుకుని వెళ్ళి గుమ్మం దగ్గర పెట్టె మీద చెయ్యి వేసి నిలబడింది. శనివారం దాకా ఎందుకు, పొద్దున్నే పోతానంది. దాన్ని లేదన్న ఇంట్లో నాకు ముద్ద దిగదే అంది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

ఈ మనిషి కూడా వెళ్ళిపోతే, రేపటి నుంచి తాళం చెవి ఎక్కడ పెట్టావని అడిగేవాళ్ళు కూడా ఉండరు. బతిమాలడం లెక్కలమ్మకు చేతకాదు. చేతనైన పని ఒక్కటే. కుర్చీ లాగి పిన్ని ఎదురుగా వేసింది, తనకొకటి వేసుకుంది.

"కూర్చో పిన్నీ. నిన్నెవరూ అడగలేదన్నావుగా. నేనడుగుతాను."

"ఏం రాసుకుంటావు?"

"ఏమీ రాసుకోను. అడుగుతాను, అంతే."

పిన్ని వచ్చి, ఆ ఆదివారం కూర్చున్నట్టే, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నువ్వు ఎంతమంది పిల్లల తల్లివి?" అంది లెక్కలమ్మ. వేలమంది చేత అడిగించిన మనిషి, ఒక్కరినీ తన నోటితో అడిగి ఎరగదు.

"ఇద్దరు," అంది పిన్ని.

నీ కడుపున పుట్టినవాళ్ళనే చెప్పాలి అన్న మాట లెక్కలమ్మ నాలుక చివరి దాకా వచ్చింది. శిక్షణలో గొంతు పోయేలా చెప్పి చెప్పి అలవాటైన మాట. మింగేసింది.

"ఇద్దరూ ఉన్నారా?"

"చిన్నది పోయింది."

"ఎలా పోయింది?"

పిన్ని చెప్పడం మొదలుపెట్టింది. జ్వరం ఏ పూట వచ్చిందో, అల్లుడు ఏమన్నాడో, ఆస్పత్రి మెట్ల మీద పిట్ట తన భుజం మీద తల పెట్టుకుని ఏమడిగిందో, అన్నీ చెప్పింది. అక్కకు ఫోన్ చెయ్యకమ్మా, లెక్కలు వదిలేసి పరిగెత్తుకొస్తుంది, రేపటికి నాకు తగ్గిపోతుంది అందట. రెండేళ్ళుగా ఈ మాట పిన్ని ఒక్కతే మోసింది. లెక్కలమ్మ వింటూ ఏడుస్తోంది, పంపు తిప్పుకోకుండా, ఎదురుగానే. పిన్ని కూడా అంతే.

చాలాసేపటికి లెక్కలమ్మ కళ్ళు తుడుచుకుంది. ప్రశ్నల వరుసలో ఒకటి మిగిలిపోయింది, అది అడగకుండా వదలడం ఆవిడ స్వభావంలో లేదు.

"పెద్దదో?"

పిన్ని ఆవిడ ముఖంలోకి చూసింది.

"పెద్దది ఉంది. ఒక్కతే ఉంది పాపం. దాన్ని వదిలేసి నేను మాత్రం ఎక్కడికి పోను?"

తర్వాతి ప్రశ్న ఏమిటో లెక్కలమ్మకు ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.